ఏడు కిలోల తేడా

మా వదినను ఊళ్ళో అందరూ తూకం వదిన అంటారు. ఆ పేరు పెట్టింది మా అన్నయ్యే. సైకిల్ షాపులో ఏ సామాను చేతికొచ్చినా ఆవిడ ముందు దాన్ని గోడకు వేలాడే కొక్కెం తూకానికి తగిలిస్తుంది. బరువు చూసి, సుద్దముక్కతో దాని మీదే అంకె రాసుకుని, అప్పుడు గానీ పనిలోకి దిగదు.

"ఏదో ఒక రోజు నన్ను కూడా ఆ కొక్కేనికి తగిలిస్తుంది" అని అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"మిమ్మల్ని తూయాలంటే లారీ కాటా కావాలండీ" అనేది వదిన, చేతిలో పానా కింద పెట్టకుండానే.

పెళ్ళయి వచ్చినప్పుడు ఆవిడకు పంక్చర్ వేయడం కూడా రాదు. అంతా అన్నయ్య దగ్గరే నేర్చుకుంది. కరెంటు సైకిళ్ళు వచ్చాక మాత్రం గురువుగారు శిష్యుడైపోయాడు. మోటారు పాడైన బండి మొదటిసారి షాపుకు వచ్చినప్పుడు అన్నయ్య రెండు రోజులు దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడే గానీ ముట్టుకోలేదు. మూడో రోజు వదిన భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఆ మోటారును విప్పి ముక్కముక్కా వరసగా పేర్చింది. వారం రోజులు ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. ఎనిమిదో రోజున మోటారు తిరిగింది. ఆ రోజు నుంచీ కరెంటు బండి ఏదొచ్చినా అన్నయ్య "ఏమోయ్, నీ కేసు" అని లోపలికి కేకేస్తాడు.

నేను నర్సును. కొండ మొదట్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో పదేళ్ళుగా పని చేస్తున్నాను. మా జీపు మూడో మలుపు దాకానే పోతుంది. ఆపైన రాళ్ళదారి. దాని వెంట అక్కడక్కడా ఇళ్ళు, ఒక బడి, అన్నిటికన్నా పైన రేడియో టవరు, దాని పక్కన మా పై కేంద్రం అని పిలుచుకునే ఒంటిగది. ఎవరికి ఏమొచ్చినా మందుల పెట్టె వీపున కట్టుకుని నడిచి ఎక్కేవాళ్ళం. తొమ్మిది కిలోమీటర్లు. మేం చేరేసరికి జ్వరం తగ్గి లేచి కూర్చున్నవాళ్ళున్నారు, అలా జరగనివాళ్ళూ ఉన్నారు.

ఆ ఏడాది మా పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి నాలుగు కరెంటు కొండసైకిళ్ళకు అనుమతి తెచ్చింది. రెండు షాపులవాళ్ళను చెరొక బండి తెచ్చి చూపించమంది. ఒకటి బస్టాండు పక్కనున్న పెద్ద షోరూము. రెండోది మా వదిన షాపు. ఆ పేరు డాక్టరమ్మ చెవిన వేసింది నేనే, దాచడమెందుకు.

ఆ రోజు పొద్దున షోరూము మేనేజరు బండిని ఒంటిచేత్తో ఎత్తుకుని మెట్లెక్కి వరండాలోకి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఒకప్పుడు సైకిల్ పందాల్లో పాల్గొన్నవాడు, పిక్కలు చూస్తేనే తెలుస్తోంది. బండి నల్లగా, సన్నగా, నిగనిగలాడుతోంది. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని లేపి చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

"అబ్బ, ఎంత తేలిగ్గా ఉందండీ! దీన్ని మా నర్సులు కూడా ఎత్తేస్తారు."

"పదిహేడు కిలోల తొమ్మిదొందలు మేడమ్" అన్నాడు మేనేజరు.

తరువాత వదిన బండి వచ్చింది. అన్నయ్య ముందు చక్రం, వదిన వెనక చక్రం పట్టుకుని, ఆయాసపడుతూ పైకి చేర్చారు. డాక్టరమ్మ దాన్నీ లేపబోయింది. ముందు చక్రం లేచింది, వెనకది లేవలేదు.

"ఇదేంటమ్మా, దున్నపోతులా ఉంది?"

"పాతిక కిలోల మూడొందలు డాక్టర్ గారూ" అంది వదిన. ఆ గొంతులో సిగ్గూ లేదు, సంజాయిషీ లేదు.

మేనేజరు నవ్వాపుకుంటూ పక్కకు తిరిగాడు. "అమ్మా, ఏడు కిలోల తేడా అంటే మాటలా? పైకెక్కేటప్పుడు ఒక బియ్యం సంచీ కట్టుకుని ఎక్కినట్టు."

డాక్టరమ్మ నా వైపు చూసిన చూపులో 'ఈవిడనా నువ్వు పిలిపించింది' అన్న ప్రశ్న ఉంది. వదిన మాత్రం నింపాదిగా సంచీలోంచి కొక్కెం తూకం తీసి వరండా దూలానికి కట్టింది.

"సంచీ అన్నారు కదా, అందులో ఏముందో విప్పి చూద్దాం. మీ బండి కూడా విప్పనా అండీ? గీత కూడా పడకుండా బిగించి ఇస్తాను."

మేనేజరు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "విప్పండి" అంది.

గంటన్నర పట్టింది. మందుల కోసం వచ్చినవాళ్ళు కూడా చీటీలు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. వదిన ఒక్కొక్క భాగాన్నే కొక్కేనికి తగిలిస్తూ, కింద నేల మీద రెండు వరసల్లో పెడుతూ పోయింది.

"ముందు బ్యాటరీ. మాది నాలుగు కిలోల రెండొందలు. వాళ్ళది రెండు కిలోలే. సగం బరువు, సగం దాణా. తక్కువ తింటే తక్కువే నడుస్తుంది. ఇక్కడే రెండు కిలోల పైన తేడా తేలింది. ఇక మోటారు. వాళ్ళది కిలో తక్కువ. సన్నటి మోటారు, మీరు తొక్కుతుంటే భుజం పట్టి తోస్తుంది. మాది లాక్కుపోతుంది. లోపల పళ్ళచక్రాలు లావుగా ఉంటే గానీ ఆ లాగుడుకు ఆగవు."

"మరి ఈ గొట్టాలు?" అని అడిగింది డాక్టరమ్మ. ముందుకు వంగి కూర్చుంది.

"అక్కడే ఉందండీ అసలు సంగతి. వాళ్ళది కార్బన్, మాది అల్యూమినియం. కార్బన్ తేలికే, గట్టిదే, దానికి వంక పెట్టను. కానీ చూడండి, వాళ్ళ గొట్టానికి ఎక్కడా తలుపు లేదు. బ్యాటరీ లోపల పెట్టి మూసేశారు, మోటారు విప్పితే గానీ బయటికి రాదు. మా గొట్టానికి కింద ఇంత పొడవు తలుపుంది, బ్యాటరీ బయటికి వస్తుంది. గొట్టానికి అంత కంత కోస్తే బలం పోతుంది కదా, ఆ బలం తిరిగి రావాలంటే చుట్టూ మందం పెంచాలి. తలుపు, తాళం, మందం అన్నీ కలిపి కిలోకి పైగా వచ్చింది."

టైర్లు తగిలించింది. రెండూ కలిపి తొమ్మిదొందల గ్రాముల తేడా. మా టైరు పక్కగోడను వేలితో నొక్కి చూపించింది, నొక్కుడు పడలేదు. ముందు ఫోర్కు కాళ్ళు లావు, బ్రేకు పళ్ళేలు వెడల్పు, చక్రాల రిమ్ములు మందం. ప్రతిదాని పక్కనా సుద్దతో అంకె. చివరికి నేల మీద రాసినవన్నీ కూడింది.

"ఆరు కిలోల ఏడొందలు. ఇదంతా పని చేసే బరువు. తేడా ఏడు కిలోల నాలుగొందలు కదా. ఆ మిగతా ఏడొందలు ఏంటంటే..." వదిన ఇనుప స్టాండు, మడ్‌గార్డుల ఇనుప ఊచలు చేతిలోకి తీసుకుని ఎత్తి చూపించింది. "ఇది మాత్రం మా కంపెనీ వాళ్ళ బద్ధకం. దీనికి నా దగ్గర జవాబు లేదు. కొంటే తీసి అవతల పారేస్తాను."

జనంలో ఎవరో పక్కున నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. అన్నయ్య మాత్రం నా చెవి దగ్గర "మన బండిని మనమే తిట్టుకోవడమేంటే" అని గొణిగాడు. నాకు మాత్రం ఆ క్షణంలోనే వదిన గెలిచేసినట్టనిపించింది. కానీ డాక్టరమ్మ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"మీరు చెప్పింది అర్థమైందమ్మా. కానీ నాకు కావలసింది కొండెక్కే బండి, పాఠం కాదు. పదిహేను కిలోల మందుల పెట్టె కట్టుకుని ఇద్దరూ పై కేంద్రానికి వెళ్ళి రండి. చూద్దాం."

"నేను రెడీ" అన్నాడు మేనేజరు. "మరి మీ తరఫున తొక్కేదెవరమ్మా?"

"నేనే."

వదినకు నలభై ఎనిమిదేళ్ళు. మనిషి కాస్త బొద్దు. అన్నయ్య గాభరాపడ్డాడు. "నువ్వెందుకోయ్, నేను తొక్కుతాగా" అన్నాడు.

"చెప్పింది నేనయినప్పుడు తొక్కేది కూడా నేనే అవ్వాలి కదండీ" అంది వదిన. అన్నయ్య పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, జుట్టు బిగించి ముడేసుకుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి మూడో మలుపు నుంచి బయల్దేరారు. డాక్టరమ్మ, నేను జీపులో అక్కడి దాకా వెళ్ళి, ఫోన్లో వింటూ కూర్చున్నాం. పై కేంద్రంలో మా కాంపౌండరు గడియారం పట్టుకుని కాచుకుని ఉన్నాడు. అయిదో కిలోమీటరు దగ్గర పశువులు రాకుండా రాళ్ళతో కట్టిన అడ్డుగోడ ఒకటుంది, నడుమెత్తు. మేనేజరు అక్కడ బండిని భుజాన వేసుకుని ఒక్క ఊపులో దాటేశాడట. వదిన ఆగి, తలుపు తీసి, బ్యాటరీని గోడ అవతల పెట్టి, పెట్టెను పెట్టి, ఆ తర్వాత బండి పొట్టను గోడ మీద ఆనించి అవతలికి జార్చి, మళ్ళీ అన్నీ బిగించుకుని బయల్దేరిందట. ఆ పనికే అయిదు నిమిషాలు పోయాయి.

మేనేజరు పైకి చేరిన పదకొండు నిమిషాలకు వదిన చేరింది.

డాక్టరమ్మ ఫోను పెట్టేసి నా భుజం తట్టింది. ఆ తట్టడంలో జాలి ఉంది. అంతలో మళ్ళీ ఫోను మోగింది. వదినే.

"డాక్టర్ గారూ, రెండో కాల్ వచ్చిందనుకోండి. దిగి మళ్ళీ ఎక్కమంటారా?"

"మళ్ళీనా?"

"మా అమ్మడు చెప్తుంటుంది కదా, ఒక్కోసారి ఒకే పూటలో రెండు సార్లు ఎక్కాల్సి వస్తుందని."

ఆ అమ్మడు నేనే. అంతకు మూడు నెలల కిందట నేను పొద్దున కాన్పుకి ఎక్కి దిగి, నీళ్ళు కూడా తాగకుండా, మధ్యాహ్నం కాలు విరిగిన మనిషి కోసం మళ్ళీ ఎక్కాను. ఇంటికొచ్చి వదిన వంటింట్లో చెప్పులు కూడా విడవకుండా కూలబడ్డాను. ఆవిడ నా కాళ్ళు వేడినీళ్ళలో పెట్టించి, అంతా విన్నది. ఈ బండిని ఎంచుకున్నది ఆ రోజు విన్నదాన్ని బట్టేనని నాకప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ నా మొహం చూసింది. "ఇద్దరూ దిగండి" అంది ఫోనులో.

దిగేటప్పుడు అసలు కథ మొదలైంది. పెట్టె బరువుకు మేనేజరు బండి సన్నటి బ్రేకు పళ్ళేలు కాగిపోయి కీచుమన్నాయి. రెండు చోట్ల ఆగి చల్లార్చుకోవలసి వచ్చింది. ఎనిమిదో మలుపులో ఒక వాడి రాయి అతని వెనక టైరు పక్కగోడను చీల్చేసింది. వదిన అక్కడికి చేరేసరికి అతను గట్టు మీద కూర్చుని టైరు వైపు దిగాలుగా చూస్తున్నాడు.

వదిన దిగింది. సంచీలోంచి పాత టైరు ముక్క, జిగురు తీసి, లోపలి వైపు అతికించి, గాలి కొట్టి ఇచ్చింది. ఈ సంగతి మాకు చెప్పింది ఆవిడ కాదు, అతనే.

మూడో మలుపు దగ్గర ఇద్దరూ కలిసే దిగారు. డాక్టరమ్మ బ్యాటరీలు చూడమంది. వదిన బండిలో అరవై అయిదు శాతం ఉంది. అతని దాంట్లో ఇరవై రెండు.

"మళ్ళీ ఎక్కుతారా?" అని అడిగింది డాక్టరమ్మ.

అతను బ్యాటరీ అంకె మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత తల పైకెత్తి నేరుగానే చెప్పాడు. "ఎక్కను మేడమ్. సగం దారిలో మోటారు ఆగిపోతుంది. బ్యాటరీ మార్చుకుందామంటే బయటికి రాదు. నేను పందాల మనిషిని, ఈ బండంటే నాకు ప్రాణం. ఆదివారం పూట ఒళ్ళు మరిచిపోయి తొక్కుకోడానికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ మీ పని వేరు. ఆవిడ చెప్పిందే కరెక్టు."

అప్పటిదాకా 'అమ్మా' అంటున్న మనిషి వదిన వైపు తిరిగి, "మేడమ్, మీరు మాత్రం ఎక్కి చూపించండి. నేను గడియారం పట్టుకుంటాను" అన్నాడు.

వదిన రెండు గుక్కల నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కింది. ఈసారి మొదటి దానికన్నా నాలుగు నిమిషాలు తక్కువే పట్టింది. అడ్డుగోడ దగ్గర చెయ్యి అలవాటైంది మరి. పైకి చేరాక బ్యాటరీలో ముప్పై ఒక శాతం మిగిలి ఉంది. జీపు దగ్గర అన్నయ్య, ఎప్పుడొచ్చాడో ఏమో, ఫోనులో ఆ అంకె వినగానే అరచేత్తో జీపు బానెట్ మీద దడదడా కొట్టాడు. డ్రైవరు తిట్టినా పట్టించుకోలేదు.

నాలుగు బండ్లూ వదిన దగ్గరే తీసుకున్నారు. ఆవిడ చెప్పినట్టే ఇనుప స్టాండ్లు, ఊచలు తీసి పారేసింది. అంతటితో ఆగలేదు. సీటు కింద పట్టాలు మార్చింది, హ్యాండిల్ గొట్టం మార్చింది, అడుగున మోటారును రాళ్ళ నుంచి కాచే రేకును మాత్రం ఎవరెంత చెప్పినా ముట్టుకోనివ్వలేదు. హ్యాండిల్ గొట్టం ఏది మంచిదో ఆవిడకు చెప్పింది షోరూము మేనేజరే. చివరికి ఒక్కో బండీ ఇరవై నాలుగు కిలోల రెండొందలకు దిగింది. అంతకన్నా తగ్గిస్తే పనిలోంచి తగ్గించినట్టేనంది.

బండ్లు వచ్చిన రెండో వారంలో, పట్టపగలు పదకొండింటికి టవరు కాపలా ఆయన భార్య ఫోను చేసింది. ఆయన్ను కందిరీగలు కుట్టాయి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరి ఆడటం లేదు. ఇలాంటి కేసులో ఒక ఇంజెక్షను సమయానికి పడితే మనిషి దక్కుతాడు, పడకపోతే లేదు. నడిచి వెళ్తే రెండున్నర గంటలు. పైన కాంపౌండరు ఆ రోజు సెలవు.

నేను పెట్టె కట్టుకుని బయల్దేరాను. ముందురోజు వాన పడింది. రాళ్ళు జారుతున్నాయి. బండి గట్టిగా నేలను పట్టుకుని ఎక్కుతుంటే నా గుండె చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. అయిదో కిలోమీటరు అడ్డుగోడకు బండ్లు వచ్చాక సందు పెట్టించారు గానీ, ఏడో కిలోమీటరులో దారికడ్డంగా చెట్టు కూలి ఉంది. ఎత్తబోయాను, నా వల్ల కాలేదు. ఒక్క క్షణం ఏడుపొచ్చింది. అంతలో వదిన అడ్డుగోడ దాటిన పద్ధతి గుర్తొచ్చింది. తలుపు తీశాను. బ్యాటరీ అవతల పెట్టాను, పెట్టె పెట్టాను. మిగిలిన ఇరవై కిలోలను మాను మీద ఆనించి జార్చాను. వెళ్ళి తగిలించుకుని తొక్కాను.

నలభై ఆరు నిమిషాల్లో పైన ఉన్నాను. ఆయన మాట్లాడే స్థితిలో లేడు. తొడకు ఇంజెక్షను ఇచ్చాను. కొంతసేపటికి ఊపిరి లోపలికి వెళ్ళే చప్పుడు మారింది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా పదేళ్ళ పనిలో ఆ ఊపిరంత మంచి చప్పుడు ఇంకోటి వినలేదు.

సాయంత్రం తిన్నగా షాపుకు వెళ్ళాను. వదిన ఒక చక్రం ముందు కూర్చుని ఊచలు సరిచేస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఆయనెలా ఉన్నాడు?"

"బాగున్నాడు వదినా. టీ కావాలని అడిగాడు."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. "బ్యాటరీ ఎంత మిగిలింది?"

"అరవై."

"తడి దారి కదా. మంచిదే" అంది. మళ్ళీ కూర్చుంది. నేను పక్కనే కూర్చుని ఆవిడ భుజం మీద తల ఆనించాను. "నూనె మరకలంటుతాయే" అంది గానీ జరగలేదు.

ఆ తరువాత నెలలో డాక్టరమ్మ మా కేంద్రం నుంచీ చుట్టుపక్కల కేంద్రాల నుంచీ, నాతో కలిపి పన్నెండుమందిని పిలిపించి, బండ్ల మరమ్మతులో మూడు రోజుల శిక్షణ పెట్టింది. నేర్పింది మా వదిన. మొదటి రోజు మాట తడబడింది. రెండో రోజుకు చేతిలో పానా పట్టుకుని, ఎవరో అడ్డదిడ్డంగా బ్రేకు బిగిస్తుంటే "అలా కాదు నాయనా, దాన్ని చంపేస్తున్నావ్" అని గదిమేసింది. డాక్టరమ్మ ముందు బెంచీలో కూర్చుని అందరితోపాటు రాసుకుంది. షోరూము మేనేజరు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే.

చివరి రోజున అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చారు. వాటి అడుగున 'శిక్షకురాలు' అని అచ్చువేసి, కింద గీత గీసి ఉంది. వదిన కుర్చీలో సర్దుకుని కూర్చుని, చేతులు తుడుచుకుని, ఒక్కొక్క కాగితమే దగ్గరకు లాక్కుని, తొందరపడకుండా పన్నెండు సంతకాలు పెట్టింది. కిటికీ అవతల నిలబడి అన్నయ్య, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చూపిస్తున్నాడు.

ఏడో కాగితం నాది. దాన్ని మా డ్యూటీ గదిలో, నా బల్ల వెనక గోడకు తగిలించాను. ఆ సంతకం ఎవరిదని అడిగినవాళ్ళకు మా వదినదని చెప్తాను. అడగనివాళ్ళకు కూడా చెప్తాను.